నిండుకున్న డబ్బాలు

ఆవిడ అసలు పేరు జీతం పుచ్చుకునేటప్పుడు తప్ప ఎవరికీ అవసరం పడదు. ఆసుపత్రి వెనక బట్టలు ఉతికే విభాగంలో దుప్పట్లు మడతపెట్టడం ఆవిడ పని. అందుకని అందరూ మడతలమ్మ అంటారు. పొద్దున వెళ్ళి సాయంత్రం ఇంటికొస్తుంది, చేతులకింకా సబ్బు వాసన పోకముందే పొయ్యి వెలిగిస్తుంది. మొగుడు పోయి చాలాకాలమైంది. ఒక్కతే మనిషి, ఒక్క గిన్నె.

ఆవిడకి ఒక్కతే కూతురు. పెళ్ళయి ఊరికి ఆ చివర ఉంటుంది. ఆ పిల్ల ఈ మధ్య పేరు తెచ్చుకుంది, మామూలు పేరు కాదు. ఫోన్‌లో వంటల వీడియోలు పెడుతుంది. ‘గుప్పెడు సరుకు, గిన్నెడు కూర’ అని దానికో నామకరణం కూడాను. మాంసం ముట్టకుండా, తక్కువ ఖర్చులో రాత్రి భోజనం ఎలా చెయ్యాలో లోకానికి నేర్పుతుంది. లోకం నోరు తెరుచుకుని చూస్తుంది. తన ఇంట్లో మాత్రం పొయ్యిలో పిల్లి లేవదు, మొగుడూ పెళ్ళాలిద్దరూ బయట నుంచి తెప్పించుకు తింటారు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అని ఊరికే అన్నారా!

అదలా ఉంచండి. ఓ ఆదివారం ఆ పిల్ల తల్లి ఇంటికి ఫోనూ, దాన్ని నిలబెట్టే కర్రా పట్టుకుని వచ్చింది.

“అమ్మా, నువ్వు వండుతుంటే తీస్తాను. నువ్వేం మాట్లాడక్కర్లేదు. మాటలు నేను తర్వాత ఇంటికెళ్ళి కలుపుకుంటా.”

మడతలమ్మ ఆనందం చెప్పనలవి కాదు. కూతురు పండక్కీ పబ్బానికీ కూడా తొంగిచూసే రకం కాదు మరి. వచ్చినా కంచంలో పెట్టినదేదో తిని లేచిపోతుంది. కాస్త పెద్దయినప్పటి నుంచీ అంతే, మారు వడ్డించమని అడిగి ఎరగదు. ‘నా పిల్ల సర్దుకుపోయే రకం’ అని తల్లి నలుగురిలో చెప్పుకుని మురిసిపోయేది.

ఆ రోజు వండి చూపించింది. గుప్పెడు పప్పు ముందు వట్టి మూకుట్లో దోరగా వేయించింది. గుమ్మడికాయ తొక్కు పారెయ్యకుండా సన్నగా తరిగి అందులో వేసింది. క్యాబేజీ మధ్యలో గట్టిగా ఉండే కాడ, అందరూ చెత్తబుట్టలో వేసేది, ముక్కలు చేసి బంగాళాదుంపతో ఉడకేసింది. సగం దుంపలు ముక్కలుగానే ఉంచి, సగం మెత్తగా మెదిపింది, పులుసు చిక్కబడడానికి.

“పప్పెందుకమ్మా వేయించడం?”

“పప్పు తక్కువైనప్పుడు వేయించాలే. ఆ వాసనకే సగం ఆకలి తీరుతుంది.”

“అబ్బ, భలే మాటన్నావు!” అని కూతురు నవ్వింది. తల్లి కూడా నవ్వింది. ఇద్దరూ ఒకే దానికి నవ్వుకుంటున్నామనుకుంది, పిచ్చి తల్లి.

నాలుగు రోజులు పోయాక పనిలో ఉండగా ఇస్త్రీ అక్క ఫోన్ ఎత్తి పట్టుకుని కేక పెట్టింది. ఇస్త్రీ యంత్రం దగ్గర పనిచేసే ఈ పెద్దావిడ మడతలమ్మకి పాత నేస్తం. “ఏమేవ్, నువ్వు సినిమా తారవైపోయావు, రా!” అంది. అందరూ మూగారు. ఫోన్‌లో మడతలమ్మ గుమ్మడి తొక్కు తరుగుతోంది. పైనుంచి కూతురి గొంతు గలగలా వినపడుతోంది.

“మా అమ్మ ఎంత పిసినారో మీకు తెలీదు! ఎంగిలి చేత్తో కాకిని కూడా తోలదు. చిన్నప్పుడు ఇంకొంచెం పప్పు వెయ్యమ్మా అని ఏడ్చేదాన్ని. వెయ్యదే! పోనీ ఇంట్లో లేదా అంటే, ‘పప్పు నిండుకుంది, బియ్యం నిండుకున్నాయి’ అని నాన్నతో తనే చెప్పేది, నా చెవులతో విన్నా. డబ్బాలు నిండా పెట్టుకుని మాకు మాత్రం నీళ్ళ పప్పు! ఓసారి ఎక్కి మూత తియ్యబోతే వీపు చిట్లగొట్టింది. చివరికి తిండి ఖర్చు దండగని నన్ను హాస్టల్లో పడేసింది. అయితేనేం, ఆ పిసినారితనమే ఇవాళ మనందరికీ పొదుపు పాఠం!”

అక్కడున్న వాళ్ళంతా విరగబడి నవ్వారు. ఇస్త్రీ అక్క కూడా మొదట నవ్వి, అంతలోనే నవ్వు ఆపేసింది.

“ఓసి దీని దుంపతెగ! నీ పిల్లకి ఆ మాట తెలీదా ఏమిటే?”

మడతలమ్మ చేతిలోని దుప్పటి ఎటు మడవాలో తెలియక నిలబడిపోయింది.

తెలియకపోవడమేమిటి అంటారేమో. ఎవరు చెప్పారని తెలుస్తుంది? మన ఇళ్ళల్లో బియ్యం అయిపోతే అయిపోయాయని అనం. లేవు అని అసలే అనం. పైన తథాస్తు అనేవాళ్ళుంటారని భయం. నిండుకున్నాయి అంటాం. డబ్బా అడుగు గీకి గీకి వేలు నొప్పెట్టినా నోటితో మాత్రం నిండుకుందనే అనాలి. కాపురానికొచ్చిన కొత్తలో మడతలమ్మ ఓసారి ‘పప్పు లేదు’ అంటే అత్తగారు మూతి మీద కొట్టినంత పని చేసింది. ఆనాటి నుంచి ఆ ఇల్లాలి నోట ‘లేదు’ అన్న మాట రాలేదు. పెద్దవాళ్ళకి ఆ మాట అర్థమవుతుంది, పసిపిల్లకి ఎలా అర్థమవుతుంది? నిండుకుందంటే నిండుగా ఉందనే అనుకుంది. అర్థమయ్యే వయసొచ్చేసరికి హాస్టల్లో ఉంది. అక్కడ వంటవాళ్ళు ‘అయిపోయింది, పోండి’ అని చక్కగా తెలిసేలా అరిచేవాళ్ళు.

వీపు మీద కొట్టిన మాట నిజమే. ఆ రోజు అలమర పైకెక్కి పిల్ల మూత తీస్తుంటే తల్లి పరుగెత్తుకొచ్చింది. ఖాళీ డబ్బా పిల్ల కళ్ళ పడకూడదని లాగి కొట్టింది. హాస్టల్‌కి పంపిన మాటా నిజమే.

పిసినారి అని పదిమంది నవ్వినందుకు మడతలమ్మకి బాధ లేదు. కన్నకూతురు ఇన్నేళ్ళుగా తన ఎదురుగా కూర్చుని, ఈ అమ్మ నాకు కావాలనే పెట్టలేదు అనుకుంటూ తిన్నదే, అది తట్టుకోలేకపోయింది. మారు అడగకపోవడం సర్దుకుపోవడం కాదన్నమాట! కబురు పంపింది. మరుసటి ఆదివారం కూతురు వచ్చీ రాగానే చేయి పట్టుకుని కూర్చోబెట్టింది.

“నిండుకుందంటే ఏమిటనుకున్నావే తల్లీ? నిండుకుందంటే లేదనే. గింజ లేదని.”

కూతురు తెల్లబోయింది. “అదేంటి?”

“అదే. మీ నాన్నకి పని దొరకని రోజులవి. ఆ డబ్బా మూత తీస్తే నీకేం కనపడేదే? ఏమీ కనపడేది కాదు. అది చూసి నువ్వు బెంగపెట్టుకుంటావని కొట్టాను. కొట్టి ఆ రాత్రంతా నీ వీపు నిమురుతూ కూచున్నా, నువ్వు నిద్రపోయావు. హాస్టల్లో మూడు పూటలా పెడతారన్నారు. అందుకు పంపానే. నువ్వు కడుపునిండా తింటావని పంపానే!” ఆ మాటతో ఆవిడ భోరుమంది.

కూతురు కూడా ఏడ్చింది. నిజం ఏడుపే, అబద్ధమాడకూడదు. “నేను నీకు బరువయ్యానని అనుకున్నానమ్మా” అంటూ తల్లిని వాటేసుకుంది. మడతలమ్మకి ఒళ్ళంతా తేలికైపోయింది. పిల్ల తనకి తిరిగి దక్కిందనుకుంది.

కాసేపటికి కూతురు కళ్ళు తుడుచుకుంది. కిటికీ వైపు చూసింది.

“అమ్మా, ఆ కుర్చీ కాస్త ఇటు జరుపుకో. ఇక్కడ వెలుతురు బాగుంది.”

“ఎందుకే?”

“ఇది అందరూ వినాలమ్మా. నిన్ను పిసినారి అని నేనే కదా అన్నాను, నేనే సరిచెయ్యాలి. ఇందాక చెప్పినట్టే చెప్పు, చాలు.”

అదీ న్యాయంగానే తోచింది పాపం ఆవిడకి. జరిగి కూర్చుంది. కర్ర నిలబడింది, ఫోన్ వెలిగింది. మళ్ళీ చెప్పింది, డబ్బా సంగతి, మొగుడికి పని లేని సంగతి, హాస్టల్ సంగతి. మాటలన్నీ వచ్చాయి. ఏడుపు మాత్రం రాలేదు.

కూతురు ఫోన్ ఆపి పెదవి విరిచింది.

“అబ్బా, ఇందాక ఎంత బాగా వచ్చిందమ్మా! అప్పుడే పెట్టాల్సింది. సరే, ఇంకోసారి. ఈసారి నన్ను కొట్టిన దగ్గర్నుంచి చెప్పు.”

మడతలమ్మ అరచేత్తో ముఖం తుడుచుకుని, కొట్టిన దగ్గర్నుంచి మొదలుపెట్టింది.