చెవిలో చెప్పాల్సిన పేరు

నరసరావుపేటలో మాచర్ల బస్సెక్కాను. పక్కసీట్లో పెద్దావిడ చేతిలో వెండి మొలతాడు చూసి, మనవడికా అని అడిగాను.

"కాదయ్యా. మిలిట్రీలో మా అబ్బాయితో కలిసి పనిచేసినోడి బిడ్డకి. మావాడు డ్యూటీలోనే గుండె ఆగి చనిపోయాడు. ఈ బిడ్డకి వాడి పేరే పెడుతున్నారు."

నేను ఆమె వైపు తిరిగి కూర్చున్నాను.

"వాడు పోయి ఏడాది తిరగలా, శుభకార్యానికి నేనేందిరా అన్నా. 'బిడ్డ చెవిలో పేరు చెప్పేది నువ్వేనమ్మా' అన్నాడు ఆ తండ్రి."

మా విజయనగరం వైపు ఏడాది మైలలో ఉన్నవాళ్లని బారసాలకి పిలవరు. ఆ మాట మింగేసి, "ఏం పేరు?" అన్నాను.

"శీను," అంది. మళ్లీ గట్టిగా, "శీనూ!" అంది. ముందు సీట్లవాళ్లు తిరిగి చూశారు. ఆమె నవ్వింది.

"నేనేడుస్తానని ఇంట్లో ఎవరూ ఆ పేరెత్తరయ్యా. ఇక రోజూ ఫోన్ చేసి, మా శీనుగాడు ఏం చేస్తన్నాడని అడుగుతా."