నెస్టా ప్రోబర్ట్ ఎర్ర కారు

నెస్టా ప్రోబర్ట్ మా పక్కింటి మనిషి. మా చిన్న ఊరు నైటన్‌లో పోస్టాఫీసు కౌంటర్‌లో పనిచేసేది. ఊళ్లో ఆమె తెలియనివాళ్లు లేరు. ఆమె ఎందుకు పెళ్లి చేసుకోలేదో మాత్రం నాకు తెలుసు, అలిన్ బెడోస్‌కీ తెలిసి ఉండాలి.

అలిన్ ట్రాక్టర్లు బాగుచేసే షెడ్డులో పనిచేసేవాడు. వాళ్లిద్దరూ పెళ్లి చేసుకోవాలనుకున్న రోజుల్లో అతనికి కారు పిచ్చి పట్టింది. కొత్త కారు కొనే స్తోమత లేదు కనుక ముక్కలుగా తెచ్చుకుని ఇంట్లో కట్టుకునే కారు తెప్పించాడు. ఇనుప గొట్టాల చట్రం ఒక లారీలో, ఫైబర్ బాడీ ఇంకో లారీలో వచ్చాయి. ఇంజను ఏదో పాత ఫోర్డు నుంచి ఊడదీశాడు. అతను ఉండేది అద్దె గదిలో. అందుకని ఆ సామానంతా నెస్టా వాళ్ల నాన్న గ్యారేజీలో చేరింది.

ఆదివారం చాపెల్‌లో ప్రార్థన అయ్యాక, మాంసం, బంగాళదుంపలు తిని అలిన్ కారు కిందికి దూరేవాడు. నెస్టా పక్కనే గోనెపట్టా మీద కూర్చుని టార్చిలైటు పట్టుకునేది. అడిగిన స్పానర్ ఒకటి, ఇచ్చేది ఇంకొకటి. మా వంటింటికీ ఆ గ్యారేజీకీ మధ్య ఒకటే గోడ. వాళ్ల నవ్వులు వింటూ నేను గిన్నెలు కడిగేదాన్ని.

మొదటిసారి కారు పైకెత్తినప్పుడు అలిన్ తలుపు కింద అంచుకు జాకీ పెట్టాడు. మామూలు కార్లకు అక్కడ గట్టి రేకు ఉంటుంది. దీనికి ఉన్నది పలచటి ఫైబర్. జాకీ పిడి రెండుసార్లు నొక్కేసరికి గుడ్డు పెంకు చిట్లినట్టు చప్పుడైంది. అతని మొహం పాలిపోయింది. నెస్టాకి మాత్రం నవ్వాగలేదు. ఆ పగులు పూడ్చాక అతను కారు కింద ఇనుప గొట్టం మీద సుద్దముక్కతో గుర్తులు పెట్టి ఆమెకు నేర్పాడు. ముందు చదునైన గచ్చు చూసుకోవాలి, నేలమీద ఉండే చక్రాలకు అడ్డుచెక్కలు పెట్టాలి. జాకీ ఇనుప చట్రానికే పెట్టాలి, మధ్యలో ఒక చెక్కముక్క ఉండాలి. పైకి లేచాక చట్రం కింద స్టాండ్లు పెట్టి, బరువంతా వాటి మీదికి దించాలి. విప్పిన చక్రాన్ని కూడా చట్రం కిందికి తొయ్యాలి. తర్వాత భుజంతో కారును గట్టిగా ఊపాలి. కదిలిందా, దాని కిందికి వెళ్లకూడదు.

"జాకీ ఎత్తడానికే నెస్టా, మోయడానికి కాదు," అనేవాడు. ఆమె నాకు ఆ మాట ఎన్నిసార్లు చెప్పిందో.

కారు సగం అయ్యేసరికి అలిన్‌కి ఎక్కడో ఉత్తరాన అబర్డీన్‌లో, సముద్రంలో చమురు తీసే దగ్గర పని దొరికింది. నెస్టా కదలలేని పరిస్థితి. వాళ్ల నాన్నకి క్వారీ దుమ్ముతో ఊపిరితిత్తులు పాడై, మెట్టు ఎక్కాలన్నా మనిషి కావలసివచ్చేది. వచ్చి నిన్నూ కారునీ కలిపి తీసుకెళ్తానని అలిన్ చెప్పి వెళ్లాడు. మొదటి క్రిస్మస్‌కి వచ్చాడు. తర్వాత ఫోన్లు, ఆ తర్వాత అవీ పలచబడ్డాయి. అక్కడే ఒక నర్సును చేసుకున్నాడని ట్రాక్టర్ షెడ్డువాళ్లు చెప్పారు. నెస్టా నా ముందు కన్నీళ్లు పెట్టుకోలేదు. ఆ ఆదివారం గోడ అవతల జాకీ కిర్రుమన్న చప్పుడు మాత్రం విన్నాను.

మిగతా కారంతా ఆమే కట్టింది. తప్పుగా బిగించడం, విప్పడం, మళ్లీ బిగించడం. ఏళ్లు పట్టింది. ఎర్ర రంగు వేసి, రోడ్డెక్కించే ముందు చేసే పరీక్ష పాసు చేయించి, నాన్నను పక్కన కూర్చోబెట్టుకుని కొండలు దాటించి అబరిస్త్‌విత్ ఊళ్లో సముద్రం చూపించింది. ఆయన పోయాక ఒక్కతే వెళ్లేది.

ఒక వసంతంలో గ్యారేజీ కప్పు కారుతోందని, కారును బాగుచేసుకోవడానికి వెనక సందులోకి తీసింది. ముందురోజు వానకి నేల నానిపోయి ఉంది. కారు ఎత్తడం అంతా పద్ధతిగానే చేసింది, నేల సంగతే మరిచిపోయింది. నేను బట్టలు ఆరేస్తుంటే ఇనుము రాసుకున్న మోత వినిపించి అటు పరిగెత్తాను. ఒక స్టాండు మట్టిలోకి దిగబడి కారు పక్కకు ఒరిగింది. కింద నెస్టా కాళ్లు కనిపిస్తున్నాయి.

"ఓల్వెన్, బండిని ముట్టుకోకు," అంది నాతో లోపల్నుంచి. "చక్రం ఆపింది. నేనే వస్తున్నాను."

చట్రం కిందికి తోసిపెట్టిన చక్రం మీద కారు ఆగింది. ఆమె వీపు మీద పాకుతూ బయటపడింది. వచ్చి మెట్టు మీద కూర్చుంది. నేను టీ తెచ్చి ఇచ్చాను.

"చచ్చిపోతానని భయం వెయ్యలేదే నాకు," అంది. "అలిన్ చూస్తే తిడతాడనిపించింది. తిడితే ఎంత బావుండో అనిపించింది."

ఆ వేసవిలోనే గ్యారేజీ కప్పు మార్పించి, లోపల కొత్త గచ్చు పోయించింది. ఆ తర్వాత కారును ఇంకెక్కడా పైకెత్తలేదు.

అలిన్ తిరిగొచ్చేసరికి మా అందరి జుట్లూ నెరిశాయి. భార్య పోయిందట. ఒక మే నెల మధ్యాహ్నం లావుపాటి ముసలాయన చేతికర్రతో నెస్టా గేటు దగ్గర నిలబడ్డాడు. మొదట నేను పోల్చుకోలేదు. ఆమె మాత్రం కిటికీలోంచి చూస్తూనే పోల్చుకుంది. తీరా ఎదురుపడ్డాక ఇద్దరూ వానల గురించి కాస్త, మోకాళ్ల గురించి కాస్త మాట్లాడుకున్నారు. ఇవాళ బ్రేకులు చూడాలనుకున్నానని నెస్టా అంటే, పద నేనూ వస్తానని అతను లేచాడు. నేను టీ ట్రే పట్టుకుని వెనకే వెళ్లాను.

అతను చొరవగా జాకీ లాగి తలుపు అంచు కిందికి తోశాడు.

"అక్కడ కాదు అలిన్," అంది నెస్టా మెల్లగా.

"ఏం?"

"ఫైబర్ కదా. పగుల్తుంది. ఓసారి పగిలింది కూడా."

"అలాగా. ఎవరు చేశారు ఆ పని?"

ఆమె అతని మొహంలోకి చూసింది, ఎక్కడైనా నవ్వు దాగి ఉందేమోనని. లేదు. ఆ చప్పుడు గానీ, సుద్దగుర్తులు గానీ, ఆమె పడీపడీ నవ్వడం గానీ అతనికి ఏదీ గుర్తు లేదు. ఇన్నేళ్లూ ఆమె రోజూ తీసి చూసుకున్న మధ్యాహ్నం అతని దగ్గర లేనే లేదు.

"ఎవరో," అంది.

జాకీ తను తీసుకుంది. చెక్కముక్క, స్టాండ్లు, చక్రం అన్నీ పెట్టి, భుజంతో ఊపి చూసి కిందికి దూరింది. అతను స్టూలు మీద కూర్చుని టార్చిలైటు పట్టుకున్నాడు. కాసేపటికి, "నాతో అబర్డీన్ వచ్చెయ్ నెస్టా, ఇల్లు ఖాళీగా ఉంది," అన్నాడు.

కింద స్పానర్ చప్పుడు ఆగింది.

"లైటు కొంచెం ఎడమకి పెట్టు," అంది.

అతను పెట్టాడు. ఆ రోజు ఇంకోసారి అడగలేదు.

అతను వెళ్లిపోయాక ఆమె చాలా రోజులు గ్యారేజీ తలుపు తెరవలేదు. అతను మాత్రం ఫోన్ చేస్తూనే ఉన్నాడు. చివరికి సెప్టెంబరులో రైలెక్కి అబర్డీన్ వెళ్లింది. ఇక అక్కడే ఉండిపోతుందేమోనని నాకు దిగులు వేసింది. వారం తిరక్కుండానే వచ్చేసింది. స్టేషన్ నుంచి తిన్నగా మా ఇంటికే వచ్చి కోటు విప్పకుండా కూర్చుంది.

"బాగా చూసుకున్నాడు," అంది. "పొద్దున్నే ఓట్స్ గంజి కాచి పెట్టాడు. సముద్రం ఒడ్డున నడిపించాడు. మంచివాడే ఓల్వెన్. కానీ నేను బెంగపెట్టుకున్న మనిషి ఆ ఇంట్లో లేడు."

"మరి బెంగ తీరిందా?"

"ఎలా తీరుతుంది? వెళ్లి వెతికే చోటు కూడా లేకుండా పోయింది."

నేను ఎండుద్రాక్షల రొట్టె కోసి వెన్న రాసి ఇచ్చాను. తింటూ కిటికీలోంచి కొండ మీద గొర్రెల్ని చూస్తూ కూర్చుంది. చీకటి పడుతుండగా లేచి, ఇల్లు చల్లబడిపోయి ఉంటుంది, పొయ్యి రాజేసుకోవాలంటూ వెళ్లింది.