మగవాళ్లు టోపీలు తీసి నిలబడ్డ గుట్ట

గుట్ట సగం ఎక్కేసరికి దవడ లాగడం మొదలైంది. జూలై ఎండ, పాతకాలపు పొడుగు గౌను, తలకి గడ్డం కింద ముడేసే బోనెట్ టోపీ. ఎండదెబ్బే అనుకున్నాను.

మేముండేది యూటాలో. మా వీధిలో దాదాపు అందరూ మోర్మన్లే, క్రైస్తవంలో అదో శాఖ. పూర్వీకులు చేతిబండ్లు లాక్కుంటూ వచ్చిన నడకని ఏటా అప్పటి బట్టలేసుకుని, బండ్లు లాగుతూ కాస్త దూరం నడిచి గుర్తుచేసుకుంటారు. పక్కింటి రూత్ గారు పిలిస్తే సరదాకి నేనూ మా ఆయనా వెళ్లాం. ఒక్కొక్కరికీ ఒక పూర్వీకుడి పేరు ఇస్తారు. మా ఆయనకి రూత్ గారి వంశంలోని థామస్ పేరు వచ్చింది. ఇంగ్లండ్‌లో ఈ మతం పుచ్చుకుని భార్యతో ఓడెక్కినవాడు. దారిలో సైన్యానికి మనుషులు కావాలంటే ఆమెని బండి దగ్గర వదిలి, ఎడారి దాటి కాలిఫోర్నియా దాకా నడిచాడట.

అందుకే గుట్ట రాగానే మగవాళ్లని సైన్యంలోకి అన్నట్టు పక్కకి పిలుస్తారు. బండి ఆడవాళ్లే లాగాలి. మగవాళ్లు టోపీలు తీసి దారి పక్కన మౌనంగా నిలబడాలి, చెయ్యి వెయ్యకూడదు. మా ఆయన నా మొహంలోకే చూస్తూ నిలబడ్డారు. నేనూ పిలవలేదు.

పైకి చేరాక వాంతి అయింది.

"డీహైడ్రేట్ అయ్యుంటావ్ సుధా, వాటర్ తాగు," అన్నారు మా ఆయన. ఇంటికొచ్చి పడుకున్నాను. మర్నాడు ఊపిరి అందకపోతే ఎమర్జెన్సీకి పరిగెత్తాం. ఈసీజీ, ట్రోపోనిన్ అనే రక్తపరీక్ష, యాంజియోగ్రామ్. గుండెకి రక్తం అందించే పెద్ద ఆర్టరీ మూసుకుపోయింది. స్టెంట్ వేశారు. "నిన్ననే వచ్చుంటే చాలా హార్ట్ మజిల్ సేవ్ అయ్యేది," అంది కార్డియాలజిస్ట్ మెల్లగా. ఎజెక్షన్ ఫ్రాక్షన్, అంటే గుండె రక్తాన్ని పంప్ చేసే శక్తి, సగానికి పడిపోయిందట. ఇంటికి పంపిన కొన్నాళ్లకే లంగ్స్‌లో నీరు చేరి మళ్లీ అడ్మిట్ అయ్యాను.

అప్పుడు రూత్ గారు చూడ్డానికొచ్చారు. ఊసుపోక, థామస్ సంగతి చివరికి ఏమైందని అడిగాను.

"తిరిగొచ్చేసరికి భార్య దారిలోనే పోయింది. మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. ఇక్కడి ఆదివాసులతో పోరాడిన దళంలో చాలా ఏళ్లున్నాడు. ఆ పోరాటాల కథలు ఎన్నైనా చెప్పేవాడట. మొదటి భార్య గురించి అడిగితే మాత్రం లేచి వెళ్లిపోయేవాడట," అన్నారావిడ.

మా ఆయన కాఫీ తెస్తానని లేచారు. చాలాసేపటికి ఉత్త చేతులతో తిరిగొచ్చారు.

ఇప్పుడు నేను మధ్యలో ఒకసారి ఆగి మెట్లెక్కుతాను. ఆవకాయ మానేశాను, అది వేరే దుఃఖం. ఆ గుట్ట మీద ఏమనుకున్నారని ఒకరోజు అడిగేశాను.

"ఏడుస్తున్నావనుకున్నా. లేడీస్ అందరూ ఏడుస్తున్నారు కదా."

నిజమే, అక్కడ అందరూ భక్తితో ఏడుస్తారు. ఆయన్ని తప్పుపట్టలేను. కానీ పోయిన ఆ గుండె కండ మళ్లీ రాదు కదా అన్న బాధ మాత్రం పోవడం లేదు.

ఒక్క మాట చెప్తాను. బరువు లాగుతున్నప్పుడో మెట్లెక్కుతున్నప్పుడో దవడ, వీపు, భుజం లాగి చెమటలు పడితే అక్కడే కూర్చోండి, అంబులెన్స్ కోసం 911కి ఫోన్ చెయ్యమని నోరు తెరిచి అడగండి. మీ మొహం చూసి ఎదుటివాళ్లే గ్రహిస్తారని ఆగకండి. ఆ రోజు నా మొహం చూసింది పాతికేళ్లుగా నాతో కాపురం చేస్తున్న మనిషి.