అమ్మోరు పూనలేదు, ఎర్రచీమలు కుట్టాయి

పోయినసారి బోనాలప్పటి మాట. షుగరు తగ్గకపోతే ఇంజెక్షన్ తప్పదని డాక్టరు బెదిరించడంతో, మా శాలిబండ హోటల్ తీపి చాయ్‌కి కన్నీళ్లతో వీడ్కోలు పలికాను. బదులుగా ‘చక్కెర కలపలేదు’ అని ఏనుగంత అక్షరాలతో రాసిన ఓట్స్ బార్లు రోజుకు నాలుగు నమిలాను.

బోనాలనాడు పొద్దున ఒకటి సగం కొరికి, కొక్కేనికున్న అంగీ జేబులో దాచాను. మధ్యాహ్నం ఆ అంగీయే తొడుక్కుని, బోనమెత్తిన మా ఆవిడ యాదమ్మ వెంట బయల్దేరాను.

గుడిముందు ఇసకేస్తే రాలనంత జనం. ఉన్నట్టుండి ఛాతీ మీద నిప్పులు పోసినట్టయింది. పాతబస్తీ ఎర్రచీమలన్నీ నా జేబులోనే జాతర పెట్టుకున్నాయి! నేను ఎగిరి గంతేసి, ఫలక్‌నుమా దాకా వినబడేలా కేక పెట్టాను. డప్పులు జోరందుకున్నాయి.

“అమ్మోరు పూనిందిరో!” అంటూ పక్కింటి పోశవ్వ నా మీద పసుపునీళ్లు గుమ్మరించింది. “తల్లీ, ఏం గావాలె నీకు?”

“జల్ది అంగీ ఇప్పుండ్రి!”

నలుగురు భక్తితో విప్పారు.

ఇంటికొచ్చాక యాదమ్మ అద్దాలు పెట్టుకుని బార్ కాగితం వెనక్కి తిప్పింది. ఖర్జూరప్పాకం, బియ్యప్పాకం, తేనె అని చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది.

“గీ పాకాలు చక్కెర గాదా? నీకన్న చీమలే నయం, చదవకుంటనే కనిపెట్టినయ్.”

అప్పట్నుంచి ఏ ఆరోగ్యపు తిండి తెచ్చినా, ముందు ఒక ముక్క గోడవార చీమలకు పెడుతోంది. అవి ముట్టని తిండి మాత్రమే నాకు. ఇంజెక్షన్ తప్పింది.

పోశవ్వకు మాత్రం నిజం చెప్పే ధైర్యం లేదు. కనబడినప్పుడల్లా దండం పెట్టి, వాన ఎప్పుడని అడుగుతుంది. చీమలు గుడ్లు మోసుకెళ్తున్నాయేమో చూసి చెబుతున్నాను.