ఓడెల్ వంత

మా అట్లాంటాలో ట్రాప్ అనే ర్యాప్ పాట కట్టేవాడికి గొంతు లేకపోయినా గడిచిపోతుంది గానీ, వెనక వంత లేకపోతే గడవదు. ముందువాడు ఒక గొప్ప చెప్పుకోవాలి, వెనకవాడు "అవును!" అని అరవాలి. కారు మాట వస్తే టైరు కీచుమన్నట్టు "స్కర్ర్!" అనాలి. కార్లు కడిగే షెడ్డు వెనక గదిలో నా స్టూడియో. అందులో ఎంతోమంది వంతగాళ్ళను చూశాను గానీ, ఓడెల్ ప్రూయిట్ లాంటి మొండిఘటాన్ని మాత్రం చూడలేదు.

ఓడెల్ స్కూలు బస్సు తోలతాడు. ఒక్క కేక వేశాడంటే చివరి సీట్లో కోతులు కూడా చేతులు కట్టుకు కూర్చుంటాయి. అంత గొంతు. చిక్కల్లా, ఆ గొంతు నిజమైన మాటకి తప్ప లేవదు. తప్పు వాడిది కాదు, పెంచిన నాయనమ్మ ఓలా మే గారిది. ఆవిడ చర్చిలో ఆమెన్లు చెప్పే పెద్దవాళ్ళ మూలలో కూర్చునేది. ఒక ఆదివారం పాస్టరుగారు వారమంతా ఉపవాసం ఉన్నానంటే మూలంతా "ఆమెన్" అంది, ఈవిడ పెదవి కదపలేదు. బుధవారం ఆయన చికెన్ కొట్లో కూర్చుని తింటుంటే చూసింది మరి. పక్కనున్న మనవడితో, "తెలియని దానికి ఆమెన్ అనకురా" అందట. వాడు ఆ మాట పట్టుకుని ఇక వదల్లేదు.

ఇలాంటివాణ్ణి వంతకి పెట్టుకున్న మహానుభావుడు వాడి మేనత్త కొడుకు జెర్మార్కస్. పాటల్లో పేరు లిల్ టాలీ, అంటే బుల్లి టాలీ. ఆరడుగుల మనిషి బుల్లి ఎలా అయ్యాడని మా ఊళ్ళో ఎవరూ అడగరు. వాడి పాటల్లో ఉండేదీ అందరి పాటల్లో ఉండేదే: మెడలో ఐస్, అంటే వజ్రాలు, వాకిట్లో కార్లు, కిటికీలకు చెక్కలు కొట్టిన ఇంట్లో మత్తుమందు ఉడికించడం, నమ్మి మోసపోయిన స్నేహం, ఆఖర్న అమ్మ. నిజానికి వీడు వండిందల్లా కోడి రెక్కలు, అదీ మేనేజరు నెత్తిన నిలబడి చూస్తుంటే.

"మెడనిండా ఐస్!" అంటాడు టాలీ మైకులో. వంత లేదు.

"వాకిట నాలుగు కార్లు!" ఉలుకూ పలుకూ లేదు.

"వంటగదిలో చేతులు కాల్చుకున్నా!"

"కాల్చుకున్నాడు! బొబ్బలెక్కాయి! నేను చూశా!"

టాలీ హెడ్‌ఫోన్లు పీకేసేవాడు. "కార్లకి స్కర్ర్ ఏది బావా?"

"ఏ కార్లు? పొద్దున నిన్ను నా బస్సులోనేగా తెచ్చాను."

"పాటలో అందరికీ కార్లుంటాయి, నాయనా!"

"ఉండనీ. టోపీకి నేనెందుకు అరవాలి?" మా వాళ్ళు పచ్చి అబద్ధాన్ని టోపీ అంటారు.

ఇలా ఉండగా, సోమవారం క్లబ్బులో టాలీ పాట వేస్తానని డీజే మాటిచ్చాడు. మా దగ్గర పాట తలరాత తేలేది అక్కడే. డాన్సు చేసే అమ్మాయిలు కదిలారా, ఊరంతా కదులుతుంది. కదల్లేదా, ఆ పాట మళ్ళీ ఎవడూ వెయ్యడు. టాలీకి ఇలాంటి అవకాశం రావడం అదే మొదలు. అందుకని శనివారం మధ్యాహ్నం కియాన్ అని కొత్త వంతగాణ్ణి వెంటబెట్టుకొచ్చాడు. ఓడెల్‌కి ముక్క చెప్పలేదు.

ఓడెల్ ఎప్పటిలాగే నాకోసం నిమ్మకాయ మిరియాల రెక్కల పొట్లం తీసుకుని వచ్చాడు. గాజు అవతల పాడే గదిలో తన మైకు ముందు ఇంకొకణ్ణి చూశాడు. పొట్లం నా బల్ల మీద పెట్టి మూల స్టూలు మీద కూర్చున్నాడు. వాణ్ణి చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంది.

కియాన్ ఐస్‌కి "అవును!" అన్నాడు. కార్లకి నాలుగు స్కర్ర్‌లు కొట్టాడు. ఆఖర్న టాలీ "అమ్మకి ఇల్లు కొన్నా!" అన్నాడు.

"అవును! అవును!" అన్నాడు కియాన్. వాడు టాలీ అమ్మ వెర్లీన్‌ని కంటితో చూడను కూడా లేదు. ఆవిడ ఇప్పటికీ అద్దింట్లో, వంటగది కప్పు కారినప్పుడల్లా కింద గిన్నె పెట్టుకుంటోంది.

టాలీ మళ్ళీ వినిపించమన్నాడు. వినిపించాను. ఇంకోసారి అన్నాడు.

"బాగుందా, మిస్ రోండా?"

"ఐస్‌కీ అదే అవును, అమ్మకీ అదే అవును" అన్నాను. నా నోరు ఊరుకోదు.

టాలీ బయటికొచ్చి ఓడెల్ ముందు నిలబడ్డాడు. "నీ గొంతైతే నమ్ముతారు బావా. ఆ ఒక్కదానికీ అవును అనవా?"

"జనం నమ్ముతారేమో. అత్త వింటే?"

టాలీ వెళ్ళి పాడే గది తలుపు తీశాడు. "కియాన్, నువ్వెళ్ళి రెక్కలు తినరా" అన్నాడు. నా రెక్కలు! ఓడెల్‌ని లోపలికి పిలిచాడు.

మళ్ళీ మొదలుపెట్టాం. ఐస్ దగ్గర వంత లేదు. కార్ల దగ్గర లేదు. టాలీ ఆగలేదు. ఆఖరికి వచ్చాక, ముందు అనుకోని మాట అనేశాడు.

"అమ్మకి ఇల్లు కొనలేదింకా."

ట్రాప్ పాటలో ఎవడైనా లేదని చెప్పుకుంటాడా? ఆపేద్దామని మీట మీదికి చెయ్యి పోనిచ్చాను. ఓడెల్ కళ్ళు మూసుకుని ఉన్నాడు.

"కొంటాడు!" అని అరిచాడు. "కొంటాడు! కొంటాడు!"

గాజు అదిరింది. కియాన్ చేతిలో రెక్క కింద పడింది. నాకు ఏడుపొచ్చింది, దాచుకోవడమెందుకు.

సోమవారం క్లబ్బులో అమ్మాయిలు కార్ల దగ్గర బద్ధకంగానే ఉన్నారట. ఆఖరి మాట దగ్గర మాత్రం బల్లలెక్కి మరీ "కొంటాడు" అని అరిచారట. వెర్లీన్ ఇంకా ఆ అద్దింట్లోనే ఉంది.

మర్నాడు ఓడెల్‌ని ఏడిపిద్దామని అడిగాను. "తెలియని దానికి ఆమెన్ అనేశావే! ఓలా మే గారు వింటే ఏమంటుందిరా?"

వాడు బస్సు తాళాలు జేబులో వేసుకుంటూ నావైపు ఆశ్చర్యంగా చూశాడు.

"నాకు తెలియదని ఎవరన్నారు, మిస్ రోండా?"