మీట నొక్కకుండా మోగిన మూడు స్వరాలు

దయ్యాల కథలంటే నాకు చిన్నప్పటి నుంచీ నవ్వే. న్యూ టౌన్‌లో ఒక ఐటీ ఆఫీసులో సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతకడం నా ఉద్యోగం. ఎవరైనా వింత సంగతి చెబితే, ముందు ప్లగ్గు సరిగ్గా పెట్టారా అని అడిగే రకాన్ని. ఇప్పుడు ఇది రాస్తున్నది కూడా ఎవరినో నమ్మించడానికి కాదు. ఇందులో నేను చేసిన తప్పు ఒకటుంది. అది దాచిపెట్టి మిగతాది చెప్పడం నాకు చేతకావడం లేదు.

మా పెదనాన్న కిదిర్‌పూర్ డాక్‌లో క్రేన్ నడిపేవాడు. మా వాళ్ళది శ్రీకాకుళం వైపు. తాతగారి కాలంలోనే బెంగాల్ వచ్చి, డాక్ దగ్గర్లోని మెటియాబ్రుజ్‌లో స్థిరపడ్డారు. పెదనాన్న అక్కడి తెలుగు చర్చిలో కీబోర్డు వాయించేవాడు. వయసులో ఉండగా ఓడ దిగిన ఒక విదేశీ నావికుడి దగ్గర పాత సింథసైజర్ కొన్నాడు, కరెంటుతో శబ్దాలు తయారుచేసే మీటల వాయిద్యం. ఇంట్లో అందరూ దాన్ని మిషన్ అనే అనేవాళ్ళు.

అదెలా పనిచేస్తుందో నాకు నేర్పింది ఆయనే. లోపల ఒక సర్క్యూట్ ముడి శబ్దాన్ని పుట్టిస్తుంది. తర్వాతి ఫిల్టర్ దాని గరుకుదనాన్ని చెక్కుతుంది. చివర తలుపు లాంటిది ఒకటుంటుంది. మీట నొక్కితే అది తెరుచుకుని శబ్దం బయటికి వస్తుంది, వదిలేస్తే మూసుకుంటుంది. ఈ దారంతా ఫ్యాక్టరీలోనే లోపల కలిపేసి ఉంటుంది కాబట్టి ఊరికే వాయించుకోవచ్చు. కానీ ముందు పలక నిండా చిన్న చిన్న రంధ్రాలుంటాయి. ఒక దాంట్లో నుంచి ఇంకో దాంట్లోకి వైరు గుచ్చితే లోపలి దారి తెగిపోయి, శబ్దం మనం చెప్పిన దారిన పోతుంది. సగం వాళ్ళు కలిపింది, సగం మనం కలుపుకునేది.

దానికి జ్ఞాపకం మాత్రం లేదు. ఈ రోజుల్లోని కీబోర్డుల్లా శబ్దాన్ని దాచుకోదు. వైర్లు పీకేస్తే ఆ శబ్దం పోయినట్టే. బొమ్మ గీసుకుని మళ్ళీ గుచ్చినా, వేడికి శ్రుతి జారుతుంది, అచ్చం అలాగే రాదు.

పెదనాన్న దాంతో ఒక శబ్దం చేసేవాడు. గుడ్ ఫ్రైడే రోజు మాత్రమే వాయించేవాడు. నది మీద గాలి వీచినట్టు మొదలై, అందులోంచి మూడు స్వరాలు వచ్చేవి. వేళ్ళు పట్టు తప్పుతున్నాయని రెండేళ్ళ క్రితం మిషన్ నాకిచ్చేశాడు. "నీకాడ ఉండనీ బుజ్జీ. నాను అడిగినప్పుడు తెచ్చియ్యి, సాలు" అన్నాడు.

పోయిన ఏడాది ఆయనకి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, మాట పడిపోయాయి. నేను శనివారాలు వెళ్ళేదాన్ని. మంచం మీద పడుకుని ఆ మూడు స్వరాలే గొంతులో మూలుగుతూ, ఎడమ చేతి వేళ్ళు చిటికెలా కలిపి గాలిలో పొడిచేవాడు, వెనక్కి లాగేవాడు. మళ్ళీ పొడిచేవాడు. పెద్దమ్మకి అర్థమయ్యేది కాదు.

నాకు మొదటి రోజే అర్థమైంది. వైరు గుచ్చడం అది. మిషన్ తెమ్మంటున్నాడు.

అప్పుడు నేను ఒక స్నేహితుడి షార్ట్ ఫిల్ముకి శబ్దం తయారు చేస్తున్నాను. మూడు వారాలు కూర్చుని పద్నాలుగు వైర్లతో ఒక శబ్దం పట్టుకున్నాను. మిషన్ మెటియాబ్రుజ్ తీసుకెళ్ళాలంటే ఆ పద్నాలుగూ పీకాలి. ఇంకో వారం ఆగుదాం అనుకున్నాను. రెండో శనివారం ఆయన నా చెయ్యి పట్టుకుని, నా అరచేతిలోనే పొడిచి చూపించాడు. పెద్దమ్మ పక్కనే ఉంది.

"మిషన్ పాడైపోయింది పెదనాన్నా. రిపేరుకిచ్చాను" అన్నాను.

ఆయన నా మొహం వైపు కాసేపు చూశాడు. తర్వాత చెయ్యి తీసేసుకున్నాడు. ఆ వచ్చిన గురువారం పోయాడు. ఆ ఫిల్ము వాళ్ళు నా శబ్దం చివరికి వాడుకోనూ లేదు.

సమాధి కార్యక్రమం అయిన తర్వాతి శనివారం, మధ్యాహ్నం మూడు దాటింది. కిటికీలన్నీ తీసి ఉన్నాయి, బాగా ఎండ. మిషన్ ఆన్ చేసి, వేడెక్కేదాకా అరగంట ఆగుదామని టీ పెట్టుకున్నాను. అంతలో పెద్దమ్మ ఫోన్ చేసింది, జ్ఞాపకార్థ కూడిక గురించి. స్పీకర్ పెట్టాను. ఒక చేతిలో ఫోను, ఒక చేతిలో కప్పు. మిషన్‌కి నాలుగడుగుల దూరంలో నిలబడ్డాను. ఇంట్లో నేను తప్ప ఎవరూ లేరు.

మిషన్ మోగింది.

ముందు గాలి. తర్వాత ఒకటి, రెండు, మూడు స్వరాలు, మధ్యలో ఆగుతూ. మీటలు కదల్లేదు. నేను వాటినే చూస్తున్నాను.

ఫోనులో పెద్దమ్మ మాట మధ్యలో ఆగిపోయింది. "ఏటమ్మా అది? మీ పెదనాన్న మిషన్ కాదేటి?"

నేను ఒక అడుగు వెనక్కి వేశాను.

"పాడైపోనాదన్నావు కదా. బాగైపోనాదేటి?"

తప్పించుకునే దారి ఆవిడే చూపించింది. నేను పట్టుకున్నాను. "అవును పెద్దమ్మా, నిన్ననే ఇచ్చారు" అన్నాను.

మళ్ళీ మోగింది. అవే మూడు. ఈసారి కప్పులో టీ నా పాదం మీద ఒలికింది. అప్పుడు చెప్పేశాను. పాడవలేదని, ఆయన అడుగుతున్నది అదేనని తెలుసునని, నా పని పాడవుతుందని తేలేదని. ఏడుస్తూ అంతా చెప్పాను.

 పెద్దమ్మ ఫోన్ పెట్టేసిందేమో అనుకున్నాను.

"అదా అడిగినాడు" అంది చివరికి. "నాను నీళ్ళనుకున్నానమ్మా. పొడిసినప్పుడల్లా నీళ్ళు పట్టినాను. తాగలేక తాగినాడు."

మిషన్ మళ్ళీ మోగలేదు.

పాత వాయిద్యాలు బాగుచేసే ఒక బెంగాలీ ఆయన ఉన్నాడు, అందరూ దాదా, అంటే అన్నయ్య అని పిలుస్తారు. ఆయన్ని ఇంటికి పిలిచి, వైర్లు ముట్టుకోకుండా చూడమన్నాను. గంటన్నర చూశాడు. గాలి శబ్దం పుట్టించే రంధ్రంలో అసలు వైరే లేదని చూపించాడు. నేను కలిపిన దారిలో ఆ శబ్దం రావడానికి వీల్లేదట. లోపల కరెంటు లీకైతే ఆగకుండా గుయ్‌మంటుంది కానీ, ఆగి ఆగి స్వరాలు రావన్నాడు. "మీట నొక్కకుండా తలుపు తెరుచుకోదు దిదీ. మీ చెయ్యి తగిలి ఉంటుంది" అన్నాడు. నా రెండు చేతుల్లో ఏమున్నాయో ఆయనకి చెప్పలేదు.

నా భ్రమ అనుకుందామంటే, తొమ్మిది మైళ్ళ అవతల పెద్దమ్మ కూడా వింది. పక్కింట్లో ఎవరైనా వాయించారనుకుందామంటే, ఆ శబ్దం ఆయనకి తప్ప ఎవరికీ రాదు. నాకూ రాదు. తర్వాత ఎన్నిసార్లు ప్రయత్నించినా దగ్గరికి కూడా వెళ్ళలేకపోయాను. అది ఎలా జరిగిందో ఈ రోజుకీ నాకు తెలియదు.

కూడిక రోజు వంటింట్లో పెద్దమ్మ చేతులు పట్టుకుని క్షమించమని అడిగాను. ఆవిడ నా తల నిమిరింది. "అన్నం తిన్నావేటి? పద, కూకో" అని కంచం పెట్టింది. కూర రెండోసారి వడ్డించింది. క్షమించానని మాత్రం అనలేదు. మళ్ళీ అడగడానికి నాకు ధైర్యం చాలడం లేదు.