బజారు పేజీలో మాత్రలు

శ్రావణమాసం, మొదటి మంగళవారం. మదనపల్లెలో ఎముకల డాక్టరు గది. హాజరైనవారు: నేను, నా భార్య, కుప్పం నుంచి వచ్చిన మా బామ్మర్ది, డాక్టరమ్మ, నా కుడికాలిలోని ప్లేటు.

నాలుగు నెలల కిందట స్కూటరు మీంచి పడితే వేసిన ప్లేటు అది. కుట్లు మానిన చోట సన్నటి రంధ్రం పడి, నెలరోజులు రసి కారి, నాలుగు రోజులుగా ఆగింది. ఎముక ఇంకా అతకలేదు. అతికేదాకా ప్లేటు ఉండాలి. ఉండాలంటే దాన్ని పట్టిన క్రిమి ఏదో తెలియాలి. పైన కారే రసితో అది తేలదట. మర్నాడు కాలు తెరిచి, లోపలి కండ ముక్కలు నాలుగైదు చోట్ల తీసి ల్యాబుకు పంపాలని అనుకున్నారు.

"ఈమధ్య మాత్రలేమన్నా మింగినారా సార్?" అని డాక్టరమ్మ అడిగింది.

"లేదు" అన్నాను. డైరీ చూసే చెప్పాను. సర్వే శాఖలో పనిచేసిన నాటి అలవాటు: ఆరోగ్యం ఎడమ పేజీలో, బజారు కుడి పేజీలో. ఎడమ పేజీలో రసి, జ్వరం, కట్టు మార్చిన వేళ అన్నీ ఉన్నాయి. మాత్ర లేదు.

నా భార్య కుడి పేజీ మీద వేలు పెట్టింది. "ఈడ సూడమ్మా. కొత్తిమీర, సబ్బు, యాంటీబయాటిక్ పది. పుంగనూరు మెడికల్ షాపులో నేనే తెచ్చిస్తి. ఈ పొద్దు కూడా మింగినాడు ఈయప్ప."

"కొన్నవి కాబట్టి బజారులో రాసినాను" అన్నాను.

"మింగింది నువ్వా, బజారా బావా?" అన్నాడు బామ్మర్ది.

డాక్టరమ్మ నవ్వలేదు. మాత్రల వల్ల క్రిమి చావదు, నక్కుతుందట. ల్యాబులో కండ ముక్కలను పెంచి చూసినా ఏమీ మొలవదు. ఏ మందు వాడాలో తెలియక చివరికి ప్లేటే తీయాల్సి రావచ్చు. మాత్రల ప్రభావం పోయి క్రిమి బయటపడాలని ఆపరేషన్ రెండు వారాలు వాయిదా వేసింది. అంతవరకు మాత్ర ముట్టకూడదు, జ్వరమొస్తే వెంటనే రావాలి అంది.

"రసి మళ్లీ కారితే?"

"కారనీండి సార్. దాని కోసమే కాసుకోనుండేది."

మర్నాడు ఉదయం పుంగనూరు ఇంట్లో నా భార్య కట్టు విప్పింది. దూది పొడిగా ఉంది. ముగ్గురం కాసేపు దాన్నే చూశాం.

"రసి ఇంకా యాల రాలేదో" అన్నాడు బామ్మర్ది, బస్సు గురించి అడిగినట్టు.

"ఉండప్పా, ఇంకా పదమూడు దినాలుండాయి" అంది నా భార్య. మిగిలిన నాలుగు మాత్రలను బీరువాలో పెట్టి తాళంచెవి నడుముకు దోపుకుంది. ఆ సంగతి రెండు పేజీల్లోనూ రాశాను.